పుట్ ఆఫ్ అంటే ఎప్పటిదాకా?



అండమాన్‌లో కాపురం ఉండేవాళ్లు తప్పకుండా తెలుసుకోవలసిన ఇంగ్లిషు మాట ఒక్కటి చెప్పమంటే, నేను ‘పుట్ ఆఫ్’ అని చెబుతాను. చూడ్డానికి రెండు చిన్న ముక్కలు. పుట్ అంటే పెట్టడమని ఒకటో తరగతి పిల్లాడికీ తెలుసు. ఆఫ్ అంటే ఏమిటో ఫ్యాను స్విచ్చి నొక్కే ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ రెండూ పక్కపక్కన చేరి ఓడల నోటీసులోకి ఎక్కాయంటే మాత్రం, సర్దుకున్న మూటలు మళ్లీ విప్పుకోవాలి.

మన రాకపోకలు చాలావరకు నీళ్ల మీదే కదా. 2011 జనాభా లెక్కల నాటికి ఈ దీవుల్లో దాదాపు 3,80,000 మంది ఉన్నారు. వాళ్లలో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు, అంటే ఇంచుమించు 50 వేల మంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవాళ్లే మనలో ఎక్కువ. పెళ్లయినా పండగయినా చావు కబురయినా అటే పోవాలి. మధ్యలో సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం ఉంది. ఓడ ఎక్కితే మూడు రోజుల ప్రయాణం. పైగా చెన్నై, కోల్‌కతాల నుంచి తిరిగినంత తరచుగా విశాఖ నుంచి ఓడలు తిరగవు. కాబట్టి నోటీసులో ఒక్క మాట మారితే ఇంట్లో లెక్కలన్నీ మారిపోతాయి.

జంగ్లీఘాట్ చేపల రేవులో ఒకాయన ఇంకొకాయన్ని అడుగుతున్నాడనుకోండి: “ఏటి బావా, ఓడ నేదేటి?” దానికి జవాబు రెండు రకాలుగా రావచ్చు. “ఎల్లుండికేసినారు” అనవచ్చు. “ఒగ్గేసినారు” అనీ అనవచ్చు. మొదటి జవాబులో ఓడ ఉంది, రోజే మారింది. రెండో జవాబులో ఈ విడత ఓడే లేదు. ఇంగ్లిషులో మొదటిది ‘పుట్ ఆఫ్’, రెండోది ‘కాల్ ఆఫ్’. పరీక్షలో ఈ రెంటినీ తారుమారు చేస్తే ఒక మార్కు పోతుంది. నోటీసు చదివేటప్పుడు తారుమారు చేస్తే అవతలి ఒడ్డున ముహూర్తం పోతుంది.

2016 డిసెంబరులో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. తర్వాత వార్దా తుపానుగా పేరు పడిన వాయుగుండం మన సముద్రాన్ని అల్లకల్లోలం చేసింది. అప్పటి హావ్‌లాక్, నీల్ దీవుల్లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌లలో, వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. నౌకాదళం ఓడలు వచ్చి తీసుకువెళ్లేదాకా వాళ్లు అక్కడే ఉండిపోయారు. అలాంటి రోజుల్లో ఒడ్డున నిలబడ్డవాడికి ఫలానా తారీఖుకు మార్చారన్న మాట వేరు, మానేశారన్న మాట వేరు. మొదటిది వింటే ఉన్న డబ్బు ఎన్ని పూటలకు వస్తుందో లెక్క వేసుకుంటాడు. రెండోది వింటే ఇంకో దారి వెతుక్కుంటాడు.

ఇక మాట సంగతికి వద్దాం. పుట్ ఆఫ్‌కి నిఘంటువు తెరిస్తే అయిదారు అర్థాలు కనిపిస్తాయి. పిల్లలు వాటిని వరసగా బట్టీ పడతారు. వారం తిరిగేసరికి మరిచిపోతారు. బట్టీ అక్కర్లేదు. ‘ఆఫ్’ అన్న ముక్కని పట్టుకుంటే చాలు. ఒకదాన్ని అంటిపెట్టుకుని ఉన్నది దాని నుంచి విడివడడమే ఆఫ్. మన చుట్టూ జరిగేవాటిలోనే చూడండి. ఓడని రేవుకి కట్టిన మోకులు విప్పితే ‘కాస్ట్ ఆఫ్’. విమానం నేలని విడిస్తే ‘టేక్ ఆఫ్’. హాడో జెట్టీకి వెళ్లి అయినవాళ్లని సాగనంపితే ‘సీ ఆఫ్’. తుపానుకి తీగలు తెగి ఒక దీవితో సంబంధాలు లేకపోతే ‘కట్ ఆఫ్’. అన్నిట్లోనూ ఏదో ఒకటి దేని నుంచో విడిపోయింది. పుట్ ఆఫ్ విన్నప్పుడు కూడా అదే ప్రశ్న వేసుకోవాలి: ఏది దేని నుంచి విడిపోయింది?

నావికుల వాడుకతో మొదలుపెడదాం, మనం ఉన్నది దీవుల్లో కాబట్టి. పడవ ఒడ్డుని విడిచి నీళ్లలోకి వెళ్లడాన్ని ఇంగ్లిషు నావికులు పుట్ ఆఫ్ అన్నారు. నావికాధికారి ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో ఛాథం దీవిలో తొలి స్థావరం ఏర్పాటు చేసిన కాలానికే వాళ్ల నోట ఇది నలిగిన మాట. 1858 మార్చి 10న జైలు అధికారి డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో ఇక్కడికి చేరాడు. అప్పట్లో పెద్ద ఓడ లోతు నీళ్లలో లంగరు వేసి నిలబడేది. దానికీ ఒడ్డుకీ మధ్య తిరిగేవి చిన్న పడవలు. వాటిలో ఒకటి ఒడ్డు వదిలితే అది పుట్ ఆఫ్. ఇక్కడ పడవ ఒడ్డు నుంచి విడిపోయింది. ఈ వాడుక ఇప్పుడు పాతబడింది, పాత నౌకాయాన కథల్లో తప్ప వినపడదు. అయినా మిగతా అర్థాలకి ఇది బాట చూపిస్తుంది.

ఇప్పుడు రోజువారీ వాడుక. ఒక పనిని దానికి పెట్టిన తేదీ నుంచి విడదీసి, ఇంకో తేదీకి నెట్టడం. ప్రయాణం, పరీక్ష, పెళ్లి, సమావేశం, ఏదైనా సరే. దీన్ని మనం ‘వాయిదా వేయడం’ అంటున్నాం. వాయిదా మనకు ఉర్దూ మీదుగా వచ్చింది. అక్కడ దానికి మాట ఇవ్వడమని అర్థం. అందుకే మన వాడుకలో వాయిదాకి గడువు అంటుకుని ఉంటుంది. కోర్టు వాయిదా అంటే ఫలానా రోజు. బాకీ వాయిదా అంటే ఫలానా తారీఖు. ఇంగ్లిషు పుట్ ఆఫ్‌లో ఆ తారీఖు దానంతట అది ఉండదు. మనం విడిగా చేర్చాలి. ఈ సంగతి చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

మూడో అర్థం: మనిషిని పుట్ ఆఫ్ చేయడం. బాకీ అడగడానికి వచ్చినవాడికి ఏదో ఒక సాకు చెప్పి పంపేయడం. పని మీద వచ్చినవాణ్ణి రేపు రమ్మని తిప్పడం. ఇక్కడ మనిషి తన పని నుంచి విడిపోయాడు. దీనికి మన ఊళ్లలో ఉన్నంత చక్కని ఉదాహరణ ఇంగ్లండులో కూడా దొరకదేమో. ఒకప్పుడు తెలుగు పల్లెల్లో ఇళ్ల తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకునేవారు. రాత్రి వచ్చిన దయ్యం అది చదువుకుని, రేపు రమ్మన్నారు కదా అని వెళ్లిపోతుంది. మర్నాడు వస్తుంది, మళ్లీ అదే రాత, మళ్లీ వెళ్లిపోతుంది. సినిమాల్లోకి కూడా ఎక్కిన ఆ రాత చేసే పనంతా ఒక్కటే, దయ్యాన్ని ఏ రోజుకి ఆ రోజు పుట్ ఆఫ్ చేయడం. దయ్యం పట్టుదల గలదే, కాకపోతే తారీఖు అడగడం దానికి తట్టలేదు.

నాలుగో అర్థం: మనసు విరిచేయడం. ఏదో తినాలనో కొనాలనో చేరాలనో అనుకుంటాం. ఇంతలో ఒక వాసనో ఒక మాటో ఒక ధరో అడ్డు తగిలి ఆ కోరికే పోతుంది. ‘ద స్మెల్ పుట్ మీ ఆఫ్’ అంటారు. ఎండుచేపలు ఆరబెట్టిన చోటికి పై ఊరి పర్యాటకుడు వస్తే ఆ వాసనకి అతనికి అన్నం సహించదు. అతను పుట్ ఆఫ్ అయ్యాడు. అదే వాసనకి మనవాళ్లకి ఆకలి లేస్తుంది. వాసన ఒకటే, విడిపోయింది అతని మనసు. ‘మనసు విరిగింది’ అని తెలుగులో అంటున్నప్పుడు మనం చెబుతున్నదీ ఆ విడివడడాన్నే. ఈ అర్థం నుంచి ‘ఆఫ్ పుటింగ్’ అనే విశేషణం కూడా పుట్టింది. ఒక మనిషి తీరు ఆఫ్ పుటింగ్‌గా ఉందంటే అతని దగ్గరికి వెళ్లబుద్ధి కాదని అర్థం.

అయిదోది, పరీక్షకి చదువుకునే పిల్లలున్న ఇంట్లో పనికొచ్చేది: ధ్యాస చెదరగొట్టడం. పక్క గదిలో టీవీ మోగుతుంటే ‘ఇట్ ఈజ్ పుటింగ్ మీ ఆఫ్’ అనవచ్చు. చదివే పుస్తకం నుంచి మనసు విడిపోతోంది. ఇక దీపం ఆర్పడం. ‘పుట్ ఆఫ్ ద లైట్’ మన దేశంలో ఇంటింటా వినపడుతుంది. అర్థమూ అవుతుంది. అయినా ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలతో మాట్లాడేటప్పుడు ‘స్విచ్ ఆఫ్’ అనో ‘టర్న్ ఆఫ్’ అనో అనడం మేలు. కొవ్వొత్తికీ పొయ్యి మంటకీ అయితే ‘పుట్ అవుట్’.

ఇన్ని అర్థాలు ఒక్క మాటకా అని భయపడేవాళ్లకి ఒక సంగతి గుర్తుచేస్తాను. మన ‘పెట్టు’ ఏం తక్కువ తిన్నదా? అన్నం పెడతాం, బొట్టు పెడతాం, దండం పెడతాం. బిడ్డకి పేరు పెడతాం, ఇంటికి తాళం పెడతాం, పందెం పెడతాం. కేక పెడతాం, పరుగు పెడతాం, ముద్దు పెడతాం, వాత పెడతాం. రహస్యాన్ని బయటపెడతాం, పనిని పక్కన పెడతాం, మాట నిలబెట్టుకుంటాం. చేతిలో ఉన్న వస్తువుని ఒక చోట ఉంచడమనే అసలు అర్థం వీటిలో ఎన్నిట్లో ఉంది? తెలుగు నేర్చుకునే ఇంగ్లిషువాడికి ఇదంతా అరణ్యమే. మనకి మాత్రం ఒక్కసారి కూడా తడబాటు రాలేదు, ఎందుకంటే మనం జాబితా చదివి నేర్చుకోలేదు. సందర్భంలో విన్నాం, సందర్భంలో వాడాం.

అంతే కాదు, క్రియ పక్కన ఇంకో క్రియని తగిలించి అర్థానికి వంపు తేవడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య. తిన్నాడు, తినేశాడు. చెప్పాడు, చెప్పేశాడు. పడ్డాడు, పడిపోయాడు. ఇంగ్లిషు ‘ఈట్ అప్’ చేసే పనిని మన ‘తినేయ్’ చేస్తుంది. ‘రైట్ డౌన్’ చేసే పనిని ‘రాసిపెట్టుకో’ చేస్తుంది. ఈ దీవుల్లో బెంగాలీవాళ్లూ తమిళులూ మనమూ కలిసి మాట్లాడుకునే హిందీలో కూడా ‘ఖా లియా’, ‘దే దియా’ అదే దారి. ‘పుట్ డౌన్’కి మన చరిత్రలోనే ఉదాహరణ ఉంది. 1922, 1924 మధ్య జరిగిన రంప తిరుగుబాటుని తెల్లదొరతనం అణచివేసింది. అల్లూరి సీతారామరాజు అనుచరుల్లో కొందరిని శిక్ష వేసి ఈ దీవులకే పంపింది. అణచు పక్కన ‘వేయు’ చేరి అణచివేయు అయింది. ఇంగ్లిషులో పుట్ పక్కన డౌన్ చేరింది. తగిలే తోక వాళ్లకి దిక్కు చెప్పే చిన్న మాట, మనకి చిన్న క్రియ. తేడా అంతవరకే.

ఇలాంటి జంట మాటలు పరదేశులకి కష్టమని ఇంగ్లిషువాళ్లకీ ఎప్పటినుంచో తెలుసు. 1755లో నిఘంటువు ప్రచురించిన శామ్యూల్ జాన్సన్ తన ముందుమాటలోనే ఆ కష్టాన్ని ఒప్పుకున్నాడు. వీటికి ‘ఫ్రేజల్ వర్బ్’ అన్న పేరు మాత్రం చాలా ఆలస్యంగా, 1925లో, లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. వీటిని వాడడం ఎలాగో నేర్చుకునేవాళ్లకి విప్పి చెప్పాలనుకున్నవాడు ఏ.ఎస్. హార్న్‌బీ. జపానులో ఇంగ్లిషు పాఠాలు చెబుతూ ఆయన తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. జపాను సేనలు అప్పటి పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది కూడా ఆ ఏడాదే, మార్చి 23న. యుద్ధం ముగిశాక ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఆ పుస్తకాన్నే ప్రపంచమంతా పంచారు. ఇప్పుడు మన బడుల్లో పిల్లలు తిరగేసే అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని వంశమే. ఏ క్రియ తర్వాత ఏ రూపం రావాలో నమూనాలు గీసి చూపడం ఆయన ప్రత్యేకత.

ఆ పద్ధతిలోనే పుట్ ఆఫ్‌కి నాలుగు నియమాలు చెబుతాను. కాగితం దగ్గరుంటే రాసుకోండి.

ఒకటి. పుట్ అన్నది మూడు కాలాల్లోనూ పుట్టే. నిన్న జరిగినా పుట్ ఆఫ్, ఇదివరకే జరిగిపోయినా పుట్ ఆఫ్. ‘పుటెడ్’ అనే రూపం లేదు.

రెండు. వాయిదా పడిన పనిని పేరు పెట్టి చెబితే ముందైనా ఉంచవచ్చు, వెనకైనా ఉంచవచ్చు. ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’ సరే, ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ కూడా సరే. పేరు బదులు ‘ఇట్’ అంటే మాత్రం అది మధ్యలోనే కూర్చోవాలి: ‘పుట్ ఇట్ ఆఫ్’. ‘పుట్ ఆఫ్ ఇట్’ అనకూడదు. మనలో ఎక్కువమంది జారేది ఇక్కడే.

మూడు. తర్వాత ఇంకో క్రియ వస్తే దానికి ‘ఇంగ్’ తగిలించాలి. ఊరెళ్లడం వాయిదా వేసుకున్నానంటే ‘ఐ పుట్ ఆఫ్ గోయింగ్’. ‘పుట్ ఆఫ్ టు గో’ తప్పు. తెలుగులో మనం ‘వెళ్లడం’ అంటున్నాం చూశారా, ఆ ‘డం’ ఉన్నచోట ‘ఇంగ్’ పెట్టుకోండి, పొరపాటు రాదు.

నాలుగు, అన్నిటికంటే ముఖ్యం. కొత్త రోజు చెప్పడానికి ‘టిల్’ లేదా ‘అంటిల్’. ఎంత కాలం వెనక్కి జరిగిందో చెప్పడానికి ‘బై’ లేదా ‘ఫర్’. ‘పుట్ ఆఫ్ టిల్ ఫ్రైడే’ అంటే శుక్రవారానికి మార్చారు. ‘పుట్ ఆఫ్ బై టూ డేస్’ అంటే రెండు రోజులు జరిపారు. ‘బై ఫ్రైడే’ అని కలిపేస్తే అర్థం చెడుతుంది.

పలకడంలో ఒక కిటుకు. బీ యూ టీ ‘బట్’ అయినప్పుడు పీ యూ టీ ‘పుట్’ ఎందుకైందని బడిపిల్లలు తరతరాలుగా అడుగుతున్నారు, 1975లో వచ్చిన ‘చుప్కే చుప్కే’ సినిమాలో కూడా ఇలాంటి తగాదా ఉంది. దానికి జవాబు వెతుక్కోకుండా పుట్ అని పొట్టిగా పలికి, ఊనిక ఆఫ్ మీద వేయండి. వేగంగా అన్నప్పుడు ‘పుటిటాఫ్’ అని ఒకే మాటలా వినపడుతుంది. ఫోనులో అవతలివాళ్లు అలా అంటే కంగారుపడక్కర్లేదు.

ఇక ఎక్కడ ఏది వాడాలి? డైలీ టెలిగ్రామ్స్ పత్రికలో ప్రకటనకీ, పై అధికారికి రాసే అర్జీకీ ‘పోస్ట్‌పోన్’ తగిన మాట. ఇంట్లో, రేవులో, స్నేహితుల మధ్య ‘పుట్ ఆఫ్’ తేలికగా ఉంటుంది. తేదీని ముందుకు జరపడానికి మనవాళ్లు ‘ప్రీపోన్’ అనే మాటని తయారుచేసుకున్నారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి కూడా అది ఎక్కింది, కాబట్టి మన దేశంలో మొహమాటపడకుండా వాడవచ్చు. బయటి దేశంవాళ్లతో ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అంటే తిరుగు ప్రశ్న రాదు. లండన్‌లో ఉన్న మీ అబ్బాయి సమావేశాన్ని ‘పుట్ బ్యాక్’ చేశారని చెబితే అదీ వాయిదానే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మనమే మన పనిని వాయిదా వేసుకుంటూ పోతే దానికీ పుట్ ఆఫే. తెలుగులో మాత్రం అప్పుడు వాయిదా అనం, ‘నాన్చడం’ అంటాం. పళ్ల డాక్టరు దగ్గరకి వెళ్లడం నాన్చుతాం, కాగితాలు సరిచేయించుకోవడం నాన్చుతాం. తుపాను వల్ల ఓడ ఆలస్యమైతే తప్పు సముద్రానిది. నాన్చుడికి అలాంటి సాకు దొరకదు. ఇంగ్లిషు రెంటికీ ఒకే మాట వాడుతుంది కాబట్టి, ఎవరు వాయిదా వేశారో, ఎందుకు వేశారో సందర్భాన్ని బట్టి మనమే పోల్చుకోవాలి.

కాబట్టి ఈసారి నోటీసులో పుట్ ఆఫ్ కనిపిస్తే దాని వెనకాలే ‘టిల్’ ఉందేమో చూడండి. ఉంటే కొత్త తారీఖు మీ చేతిలో ఉన్నట్టే. ‘ఇన్‌డెఫినిట్లీ’ అని ఉంటే నిరవధికమన్నమాట, వేరే ఏర్పాటు చూసుకోండి. రెండూ లేకపోతే కౌంటరు దగ్గరకి వెళ్లి రెండే మాటలు అడగండి: ‘టిల్ వెన్?’ ఎప్పటిదాకా అని. అడిగే హక్కు టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ ఉంది.